పిలుపు లేని మంట

కాలిన కొండ మీద తొలి వాన పడితే ఒక వాసన లేస్తుంది.

తడిసిన బూడిద వాసన. ఉడికిన వేరు వాసన. పచ్చిగా ఉండగానే కాలిపోయిన దేనిదో, పేరు లేని వాసన…

ఊళ్ళో అందరికీ అది అన్నం వాసన. బూడిద తడిసిందంటే విత్తనం చల్లొచ్చు. సామలు, చోళ్ళు, కందులు. ఆ గాలి తగలగానే ఆడవాళ్ళు గుమ్మాల్లోంచి తొంగిచూసి నవ్వుకుంటారు. పిల్లలు వానలోకి ఉరుకుతారు.

గంగ మాత్రం ముక్కు మూసుకుంటుంది.

మూసుకున్నా లాభం లేదు. ఆ వాసన ముక్కులోంచి రాదు. కాళ్ళలోంచి వస్తుంది.

మోకాళ్ళ కింద, చర్మం మైనంలా కరిగి మళ్ళీ మైనంలా గడ్డకట్టిన చోట, ఏదో లేచి కూర్చుంటుంది. పరుగెత్తమంటుంది. పరుగెత్తడానికి కాళ్ళేవి? పాదాలు లోపలికి ముడుచుకుపోయాయి — ఎండిన అడ్డాకుల్లా.

అరుగు మీద, గోడకు ఆనుకుని, ఆమె ఊపిరి బిగబట్టింది. వాన వెలిసేదాకా.

వాన వెలిసింది. వాసన వెలవలేదు.

దారి మలుపులో కావడి కిర్రుమంది. అన్న వస్తున్నాడు. గెడ్డ నుంచి నీళ్ళు తెస్తున్నాడు.

*

ఆ కొండల్లో పోడు కాల్చేముందు పిలుస్తారు.

ఎప్పటి నుంచి అంటే ఎవరూ చెప్పలేరు. కొట్టిన చెట్లు ఎండి, ఆకు గలగలమనే రోజున, నిప్పు పట్టుకున్నవాడు వాలు కింద నిలబడతాడు. తల ఎత్తుతాడు. పొట్టలోంచి కేక వేస్తాడు.

"కొండతల్లీ, జరుగు. పురుగూ పుట్రా, జరగండి. పిట్టా, పామూ, మడిసీ, దిగి రండి. నిప్పెడతన్నాం."

వేసి, ఆగుతాడు. కొండ ఖాళీ అయ్యేదాకా ఆగుతాడు.

ఎందుకంటే నిప్పు పెట్టే రోజున కూడా ఆడవాళ్ళు వాలు మీదే ఉంటారు. కాలిపోయేలోపల ఏరుకోవలసింది ఏరుకుంటారు. దుంప, బంక, చీపురు గడ్డి, నాలుగు ఆకులు. వాళ్ళు కిందికి చూడరు. పొద్దు చూడరు. కేక వినబడితే దిగుతారు. కేక వినబడనంతసేపూ కొండ వాళ్ళది.

కిందటేడు వేసవిలో కేక వినబడలేదు.

పొగ వచ్చింది.

*

మంటకు ముందటి ఏడు, కొండవాళ్ళ పితూరీ అణిగి, పోలీసుల డేరాలు అరకు లోయ దిగి వెళ్ళాయి. గాలికొండకు అవతల, గెడ్డ ఒడ్డున, చిన్న ఊరు. ఆ ఊరికి యేసయ్య మాట చెప్పే అప్పారావు అనే ఉపదేశి శృంగవరపుకోట వైపు నుంచి ఘాటీ ఎక్కి వచ్చాడు. చంకలో పుస్తకాల మూట. చేతిలో గొడుగు. గొడుగు వానకూ ఎండకూ కాదు — ఊళ్ళోకి అడుగుపెట్టేటప్పుడు కుక్కలకు.

గంగ తల్లి జ్వరంలో పడి ఉన్నప్పుడు ఊళ్ళో ఎవరూ ఆ ఇంటి గడప దాటలేదు. అప్పారావు దాటాడు. నోట్లో మందు పోశాడు. ఆమె చచ్చిపోయింది. అయినా తెల్లారేదాకా పక్కనే కూర్చున్నాడు.

గంగ అన్న సోంబరు అది చూశాడు.

ఆ చలికాలంలోనే సోంబరు గెడ్డలో మునిగి సీమోనుగా లేచాడు. అతని వెనకే గంగ మునిగి రూతుగా లేచింది. మరి నాలుగు గడపలవాళ్ళు మునిగారు. సోంబరు పెళ్ళాం మునగలేదు. కోడినీ కొడవలినీ తీసుకుని పుట్టింటికి పోయింది.

ఊరి పెద్ద సుక్రు కోపగించుకోలేదు. కొండను మాత్రం పంచాడు.

"మీ దేముడు ఏరు. మీ వాలు ఏరు."

వేసవి వచ్చింది. నరికిన చెట్లు ఎండాయి. సోంబరుకు ఒక సంశయం.

"అయ్యగోరూ, నిప్పెట్టే ముందు కొండతల్లిని పిలవాలి గదా?"

"ఏరే దేముడి పేరు నోటంట రాకూడదు, సీమోనూ."

"మరేటి సెయ్యాలి?"

"మనసులో ప్రార్తన సేసుకో. పెదవి కదపక్కర్నేదు. ఆయన ఇంటాడు."

సోంబరు అలాగే చేశాడు. వాలు కింద మోకాళ్ళూనాడు. కళ్ళు మూసుకున్నాడు. పెదవి కదపకుండా, మనసు నిండా, చాలాసేపు ప్రార్థించాడు. బహుశా తన బతుకులో అంత శుద్ధంగా మరే పనీ చేసి ఉండడు. లేచాడు. నిప్పు పెట్టాడు.

దేవుడు విన్నాడేమో.

పైన దుంప తవ్వుకుంటున్న గంగ వినలేదు.

ఆమె పైన ఉందని అతనికి తెలియదు. ఊరి వాలు మీద మిగతా ఆడవాళ్ళతో ఉందనుకున్నాడు. ఎవరున్నారో ఎక్కి చూసుకునే అవసరం ఆ కొండల్లో ఏ మగవాడికీ ఎన్నడూ పడలేదు. కేక వేస్తే ఉన్నవాళ్ళు దిగుతారు. అంతే. కేక ఒకటి తీసేస్తే దాంతోపాటు ఇంకేం పోతుందో అప్పారావుకు తెలియదు. అతను కొండ మనిషి కాడు. సోంబరుకు తోచలేదు. అతను కొండ మనిషే.

మొదట తీయటి పొగ. ఊరివాళ్ళ వాలు కాలుతోందనుకుంది గంగ. తర్వాత కౌజు పిట్టలు ఆమె పక్కనుంచి పైకి పరిగెత్తాయి. తర్వాత బల్లులు. తర్వాత చప్పుడు — వందమంది ఒక్కసారిగా ఎండుటాకులు తొక్కుతున్నట్టు…

మంట కొండెక్కేటప్పుడు మనిషికన్నా బేగి ఎక్కుతుంది. పైకి పరుగెత్తకూడదు. మంటలోంచి కిందికే దూకాలి. తల్లులు కూతుళ్ళకు నేర్పే మాట అది.

గంగ దూకింది.

నిప్పుల్లో పడింది.

ఆమెను నిప్పుల్లోంచి ఎత్తుకొచ్చింది సోంబరే. అతని అరచేతులు ఇప్పటికీ నున్నగా ఉంటాయి — గీతలు లేకుండా.

ఆమెను ఆకుల మీద పడుకోబెట్టారు. ముసలి సోములమ్మ ఇప్పనూనె పూస్తోంది. ఊరంతా గుమిగూడింది. సుక్రు ఒక్కటే అడిగాడు.

"పిలిసినావా?"

పిలవకుండా నిప్పు పెట్టినవాడికి ఆ కొండ మీద చోటు లేదు. నిప్పూ నీళ్ళూ ఇచ్చేవాడుండడు. కుండ నెత్తిన పెట్టుకుని దిగిపోవాలి. సోంబరు వెనక నాలుగు గడపల వాళ్ళు నిలబడి ఉన్నారు, పిల్లల్ని పట్టుకుని. వాళ్ళ వెనక అప్పారావు నిలబడి ఉన్నాడు, గొడుగు పట్టుకుని.

"పిలిసినాను," అన్నాడు సోంబరు. "యేసయ్య పేరెత్తి గట్టిగా పిలిసినాను. దానికి ఇనబడనేదు."

ఆకుల మీద గంగ ఆ మాట విన్నది. నోరు తెరవబోయింది. నాలుక ఎండి అంగిలికి అంటుకుంది.

తర్వాత నాలుక కదిలింది. అప్పటికి మాట పాతబడింది. పాతబడ్డ నిజాన్ని లోపలే పెట్టుకుంది. అది చావలేదు. పెరిగింది.

*

ఆ కొండల్లో మగవాడు నీళ్ళు మోయడు.

సోంబరు మోశాడు. వంట చేశాడు. ఆమె గుడ్డలు గెడ్డలో ఉతికాడు. ఆమెను ఎత్తుకుని పొదల చాటుకు తీసుకువెళ్ళి, అటు తిరిగి నిలబడ్డాడు. దారిలో కుర్రకారు నవ్వింది.

"ఏరా సీమోనూ, గాజులెప్పుడేసుకుంతావు?"

అతనూ నవ్వాడు. మొదట్లో ఆ నవ్వు వంకరగా ఉండేది. పోనుపోను తిన్నగా అయింది.

ఆదివారం పూట సోంబరు చూరు కింద ఐదు గడపలవాళ్ళూ కూర్చునేవారు. అప్పారావు నిలబడి చెప్పేవాడు. ప్రసంగం చేసేటప్పుడు అతని భాష ఇస్త్రీ చేసిన చొక్కాలా మారిపోయేది.

"చేసిన పని గాలిలో కలిసిపోదు. చేసినవాడి లోపల కూర్చుంటుంది. దాని మీద మరొకటి. దాని మీద మరొకటి. చివరి దినమున ఆయన, నీవేమి చేసితివి అని అడగడు. నీవేమైతివో చూస్తాడు."

అప్పారావు చెప్పిన మాటల్లో గంగకు నచ్చినది అదొక్కటే. నచ్చింది గనకే భయపెట్టింది.

చిన్నప్పుడు అవ్వతో బొర్రా గుహకు వెళ్ళింది. లోపల చీకటి. చల్లటి గబ్బిలాల కంపు. పైనుంచి బొట్టు పడేది. ఆగేది. మళ్ళీ పడేది. బొట్టు పడేచోట కింద నుంచి రాయి లేచి ఉంది, వేలంత.

"అవ్వా, ఇది ఎప్పటికి పెద్దదవుతాది?"

"నువ్వు సచ్చినాక."

బొట్టుకు తెలియదు, తను రాయి కడుతున్నానని. పడుతుంది. జారుతుంది. పోతుంది. పోతూపోతూ కొంచెం మిగులుస్తుంది.

అన్న లోపల రాయి లేవడం గంగ అరుగు మీద కూర్చుని చూసింది. ఒక్కొక్క కావడికీ కొంచెం. ఒక్కొక్క ఎగతాళికీ కొంచెం. అతని మాట నెమ్మదించింది. అతని కోపం ఎక్కడికో పోయింది. నవ్విన కుర్రకారే తగువు తీర్చమని వాళ్ళ తండ్రుల్ని అతని దగ్గరికి తీసుకొచ్చారు. జ్వరం వచ్చిన ఇంటివాళ్ళు, మునగనివాళ్ళు కూడా, సోంబరునే పిలిచారు. అతను వెళ్ళి తెల్లారేదాకా కూర్చునేవాడు.

నిజంగానే మంచివాడవుతున్నాడు.

అదే గంగకు మింగుడుపడలేదు. నటన అయితే బాగుండేది. ఎప్పుడో ఒకప్పుడు తొలిగేది. ఇది నటన కాదు. అబద్ధం అడుగున ఉంది. దాని మీద మంచితనం మొలిచింది — బూడిదలో సామ మొలిచినట్టు. ఏపుగా.

బూడిద ఎవరిది?

ఆమెది. ఆమె కాళ్ళది.

*

మొదటిసారి చెయ్యి జారింది.

నిజంగానే జారింది. అన్న పెట్టివెళ్ళిన కుండ ఒరిగి, నీళ్ళు అరుగు దిగి మట్టిలో కలిశాయి. గంగ బిక్కచచ్చిపోయింది. అతను కావడి ఎత్తుకుని మళ్ళీ గెడ్డకు దిగాడు. దిగుతుంటే అతని వీపు మీద చెమట మెరిసింది.

గంగకు ఏదో తగిలింది లోపల. చల్లగా. బాగా…

మర్నాడు చెయ్యి జారలేదు. తోసింది.

తోసేటప్పుడు వణికింది. రాత్రి అన్నం సయించలేదు. క్షమించమని, పెదవి కదపకుండా, అడిగింది.

తర్వాతి వారం తోసింది. చెయ్యి వణకలేదు.

ఆ తర్వాత, అడగడం కూడా మానేసింది.

అతను మళ్ళీ దిగేవాడు. మళ్ళీ తెచ్చేవాడు. ఆమె ఒలకబోసిన కొద్దీ అతని ముఖం తేటపడేది. కుండ ఒరిగిన చప్పుడుకు అతను కళ్ళు ఒక్కక్షణం మూసుకునేవాడు. పడవలసిన దెబ్బ పడినవాడిలా. తెరిచేసరికి ఆ కళ్ళలో కృతజ్ఞత లాంటిది ఉండేది.

అప్పుడు తెలిసింది గంగకు. తన ద్వేషం అతనికి మేత. తను తోస్తోంది, అతను ఎదుగుతున్నాడు. అతన్ని సాధువును చేస్తున్నది అప్పారావు కాదు. పుస్తకం కాదు. తనే.

తెలిసినా మానలేకపోయింది. దారి పడిపోయింది. ఒక మనిషి ఒకసారి నడిస్తే గడ్డి లేస్తుంది. రోజూ నడిస్తే లేవదు.

సోములమ్మ ఒకనాడు ఇప్పనూనె తెచ్చింది. ముసలిది మునగలేదు. మునిగితే జలుబు చేస్తుందని చెప్పింది. తడిసిన అరుగు చూసింది. గంగ కళ్ళలోకి చూసింది.

"మళ్ళీ ఒలికినాయేటే?"

"సెయ్యి జారింది, అవ్వా."

"కాలిపోయినియి కాళ్ళే అనుకున్నాను. సేతులు కూడానా?"

గంగ చేతులు కొంగులో దాచుకుంది.

"మీ అన్న నీళ్ళు మోసి మోసి దేముడైపోతన్నాడు. ఊరంతా సూత్తంది." ముసలిది నూనె అరచేతిలో వేసుకుని రుద్దింది. "నువ్వు ఒలకబోసి ఒలకబోసి ఏటైపోతన్నావో నువ్వొక్కదానివే సూడాలి గుంటా. అద్దం నేదు గదా మనకి."

"ఆడు పిలవనేదు, అవ్వా."

అనేసింది. అన్నాక ఒళ్ళు చల్లబడింది.

సోములమ్మ చెయ్యి ఆగలేదు. రుద్దుతూనే ఉంది.

"నాకు సెవుడు," అంది ముసలిది. "ఊరి పెద్దకి సెప్పుకో. నాకు సెప్పీసి నీ బరువు దించుకోకు."

*

వలిసె పూసింది. లోయ నిండా పసుపు. చలి దిగింది. అప్పారావును పంపిన మిషను దొర వస్తున్నాడని కబురొచ్చింది — గుర్రం మీద, డేరాతో, వంటవాడితో.

అప్పారావు ముందుగా వచ్చాడు. అరుగు కింద నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"రూతమ్మా, ఇంకో నాలుగు గడపలోళ్ళు మనలో కలుత్తామంతన్నారు. మీ అన్నని సూసే. సీమోనుని సంగానికి పెద్దని సేద్దామని దొరగోరికి సెప్పినాను."

"మంచిదే, అయ్యగోరూ."

"గుడికి జాగా అడిగినాం. సుక్రు ఇత్తాడంట. కానీ…" అప్పారావు గొడుగు కొనతో మట్టి గీరాడు. "ఆ మంట సంగతి తేలాలంతన్నాడు. పిలిసినాడో నేదో నీ నోటంట ఇంటాడంట, అందరి ముందరా. పిలిసినాడంటే జాగా. నేదంటే సీమోను కొండ దిగాలి."

వలిసె పూల మీంచి గాలి వచ్చింది. తేనెటీగల రొద.

"నిజమే సెప్పమ్మా. నానేటీ నేర్పను." అతను ఒక అడుగు వేశాడు. ఆగాడు. "ఇంతకీ… ఆ దినం…"

"అడగండి అయ్యగోరూ."

అప్పారావు ఆమె పాదాల వైపు చూశాడు. వెంటనే చూపు తిప్పుకున్నాడు.

"ఒద్దులే. అడక్కుండా ఉంటేనే మంచిది."

ఎండ లేదు. వాన లేదు. గొడుగు విప్పుకుని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం పొద్దు వాలకముందే సోంబరు వచ్చాడు. రోజూలాగే ఆమె పాదాలు ఒళ్ళో పెట్టుకున్నాడు. నూనె రాశాడు. గీతలు లేని ఆ అరచేతులు, చర్మం కరిగిన ఆ పాదాలు. మంట అన్నాచెల్లెళ్ళకు సమానంగా పంచినట్టు.

"గంగా."

ఆమె ఉలిక్కిపడింది. మునిగినప్పటి నుంచి అతను ఆ పేరు ఎత్తలేదు.

"రేపు నీకేటి గేపకముంటే అదే సెప్పు."

"నాకన్నీ గేపకమే."

"అదే సెప్పు."

అతను తలెత్తాడు. ఆమె అతని కళ్ళు చూసింది. ఘాటీ ఎక్కే మోతగాడు, మెడ వంగిపోయి, ఊపిరి అందక, మలుపులో బరువు దించుకునే రాయి కనబడితే ఎలా చూస్తాడో — అలా.

గంగకు అర్థమైంది.

ఇన్నాళ్ళూ ఆ నిజాన్ని కత్తిలా నూరుకుని దాచుకుంది. ఒకరోజు దింపుదామని. ఇప్పుడు చూస్తే అది కత్తి కాదు. అతను బరువు దించుకునే రాయి. అందరి ముందూ తను నిజం చెబితే అతను తల వంచుకుంటాడు, కుండ నెత్తిన పెట్టుకుంటాడు, కొండ దిగుతాడు. ఏడుస్తూ దిగుతాడు. తేలికగా దిగుతాడు. ఎక్కడో ఒక కొత్త ఊళ్ళో హాయిగా నిద్రపోతాడు.

తను?

తను ఈ అరుగు మీద ఉంటుంది.

"అలాగే," అంది గంగ. "సెప్తాను."

అతని భుజాలు దిగాయి. ఎంతో కాలానికి, అన్న ముఖంలో చిన్నప్పటి సోంబరు కనబడ్డాడు — తేనె తుట్టె కొట్టి, కందిన బుగ్గలతో ముందు ముక్క తనకే పెట్టిన సోంబరు…

ఆమె ఒక్కక్షణం తడబడింది.

ఒక్కక్షణమే.

*

పనస చెట్టు కింద ఊరు కూర్చుంది. దొర మడత కుర్చీలో కూర్చున్నాడు. టోపీ మోకాలి మీద. ఎర్రటి మెడ. మంచి ముఖం. అతనికి తెలుగు వచ్చు, నాలుగు రోజుల కిందటి రొట్టెలాంటి తెలుగు.

సోంబరు గంగను ఎత్తుకొచ్చి చాప మీద దింపాడు. దింపి, దూరంగా వెళ్ళి నిలబడ్డాడు. ఏ ఇంటివైపూ కాకుండా, కొండ దిగే దారి వైపు.

సుక్రు కొండమట్టి గుప్పెడు తెచ్చాడు.

"ఇది పట్టుకుని సెప్పమ్మీ."

"ఆమె మట్టి పట్టుకోకూడదు," అన్నాడు అప్పారావు. "పుస్తకం మీద…"

"ఏదీ ఒద్దు," అంది గంగ. "అబద్దం ఆడేదానికి ఏది పట్టుకుంటే ఏటి?"

జనం నవ్వారు. దొర కూడా నవ్వాడు, ఎందుకో తెలియకపోయినా. సుక్రు మట్టి కింద వదిలేసి, చేతులు దులుపుకున్నాడు.

"ఆ దినం మీ అన్న పిలిసినాడా?"

ఎక్కడో వడ్రంగిపిట్ట చెట్టు పొడుస్తోంది. ఆగింది.

గంగ సోంబరు వైపు చూసింది. అతను కళ్ళతోనే అడుగుతున్నాడు. సెప్పు. సెప్పీ.

"పిలిసినాడు."

ఆమె గొంతు తనకే కొత్తగా వినిపించింది. తేనెలా ఉంది.

"గట్టిగా పిలిసినాడు. కొండ మారుమోగినాది. నాను దుంప మీద ఆశతో దిగనేదు. తప్పు నాదే. మా అన్న మంచోడు. ఆడి మీద ఎవరూ మాటనకండి."

జనంలోంచి ఒక నిట్టూర్పు లేచింది. ఆడవాళ్ళు కొంగులు కళ్ళకద్దుకున్నారు. సుక్రు తల ఊపాడు. దొర లేచాడు. అతని నీలి కళ్ళు చెమ్మగిల్లాయి. ఇంత క్షమ తను తన దేశంలో కూడా చూడలేదన్నాడు. సోంబరు దగ్గరికి వెళ్ళి అతని తల మీద చెయ్యి పెట్టాడు.

"ప్రార్థన చేద్దాము."

అందరూ కళ్ళు మూసుకున్నారు. మునగనివాళ్ళు కూడా.

ఇద్దరివే తెరిచి ఉన్నాయి.

సోంబరు పెదవులు విడివడ్డాయి. చెప్పేస్తాడనుకుంది గంగ. చెప్పెయ్యాలని కూడా అనుకుందేమో, ఆమెకే తెలియదు. కానీ ఇప్పుడు నిజం చెబితే చెల్లెల్ని ఊరి ముందు అబద్ధాలకోరును చేసినవాడవుతాడు. నడవలేనిదాన్ని. తప్పంతా తన మీదే వేసుకుందని ఊరు కన్నీరు పెట్టుకున్నదాన్ని. పాత సోంబరు అయితే చెప్పేసేవాడు. ఈ సీమోను చెప్పలేడు. అతని మంచితనమే అతని నోరు నొక్కింది.

ఆ మంచితనాన్ని పెంచింది ఎవరు? కుండ తర్వాత కుండ…

అతని పెదవులు కలిశాయి.

ఆమేన్ అన్నారు జనం.

జనం పలచబడ్డాక అప్పారావు చాప దగ్గరికి వచ్చాడు. అతని ముఖం పాలిపోయి ఉంది.

"అయ్యగోరూ," అంది గంగ, "సెడ్డ మనసుతో మంచి పని సేత్తే లోపల ఏటి కూకుంటాది?"

అతను గొడుగు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. చెప్పగలడేమోనని ఆమె నిజంగానే ఎదురుచూసింది.

"మంచే," అన్నాడు. "మంచే కూకుంటాది. బేగి రావాలి, దొరగోరు నీతో ఫొటో తీయించుకుంతారంట."

సోములమ్మ ఇంకా పోలేదు. కర్ర మీద ఒరిగి చూస్తోంది.

"నువ్వు పున్నెం సేసినావో పాపం సేసినావో నాకు తెల్దు," అంది ముసలిది. "కానీ నీ మొకం బాగోనేదే, గంగా."

*

గుడి లేచింది. మట్టి గోడలు, గడ్డి కప్పు. సోంబరు సంఘపెద్ద. జనం చెప్పింది వింటాడు. తగువులు తీరుస్తాడు. ప్రార్థన చెయ్యమంటే నిలబడతాడు, నోరు తెరుస్తాడు, మాట రాదు. ఎంత భక్తి, అంటారు జనం.

చిక్కిపోయాడు. కళ్ళు లోపలికి పోయాయి. అయినా తెల్లారేసరికి కావడి కిర్రుమంటుంది.

గంగ నీళ్ళు ఒలకబోయడం మానేసింది.

మానాలని మానలేదు. చెయ్యి పోలేదు, అంతే.

అతను కుండ పెడతాడు. పెట్టి, వెంటనే వెళ్ళడు. నిలబడతాడు. కుండ వైపు చూస్తాడు. ఆమె చేతి వైపు చూస్తాడు. ఎదురుచూస్తాడు…

ఆమె చెయ్యి ఒళ్ళో ఉంటుంది. కదలదు.

కాసేపటికి అతను వెళ్ళిపోతాడు.

రూతమ్మ మారిపోయింది, అంటున్నారు ఊళ్ళో. కసురుకోదు. విసుక్కోదు. పిల్లలు ఆమె దగ్గర కూర్చుని ఆకులు కుడుతున్నారు. పిల్లలు కొట్టుకుంటే తల్లులు ఆమె పేరు చెప్పి బుద్ధిగా ఉండమంటున్నారు. అది శాంతి, అన్నాడు అప్పారావు.

శాంతేమో.

ఒక్కోసారి గంగ వేళ్ళతో తన ముఖం తడుముకుంటుంది. నుదురు, చెంపలు, నోటి మూలలు. ఎవరి ముఖమో కనుక్కోవాలన్నట్టు. పైకి చేసిన పని నిలుస్తుందా, లోపల చేసిన పని నిలుస్తుందా? ఆయన చివరి రోజున చూస్తే ఏది కనబడుతుంది? చెల్లెలు అన్నను కాపాడిన రోజా? చెల్లెలు అన్నను మూసిపెట్టిన రోజా?

రెండూ ఒకే రోజు. ఒకే మాట.

వేసవి వచ్చింది. వాలులు కాలాయి. కేకలు వినబడ్డాయి — ఊరివాళ్ళ వాలు కింద కొండతల్లి పేరుతో, వీళ్ళ వాలు కింద యేసయ్య పేరుతో. ఎవరూ కాలలేదు.

ఒక మధ్యాహ్నం మబ్బు దిగింది. వాన పడింది. పెద్ద పెద్ద చినుకులు. బూడిద మీద తపతపమని.

ఆడవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చారు. నవ్వుకున్నారు. పిల్లలు ఉరికారు.

గంగ అలవాటుగా ఊపిరి బిగబట్టింది. కాళ్ళలోంచి లేవబోయేదాని కోసం ఒళ్ళంతా కూడదీసుకుంది.

ఏదీ లేవలేదు.

మెల్లగా ఊపిరి వదిలింది. ముక్కు మీంచి కొంగు తీసింది. గాలి పీల్చింది.

తడిసిన బూడిద. ఉడికిన వేరు.

అంతే. వట్టి వాసన.

మళ్ళీ పీల్చింది, ఇంకొంచెం లోతుగా. ఆ పేరు లేని వాసన కోసం వెతుకుతున్నట్టు…

వాన పడుతూనే ఉంది.